రాడారు మేర – ఆట తీరు

కళ్లగంతల ఆట నెఱుగని బాలురుగాని బాలికలుగాని మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో నుండరు. కన్నులకు గుడ్డ కట్టుకొనినవాడు చెవులతో నాడును. తోడివారి యడుగుల చప్పుడు ఎంత దూరమునుండి యతనికి వినబడునో, అంతవఱకే యతని లోకము. ఆ దూరమున కావల నున్నవారు నవ్వుచు నిలిచియున్నను అతనికి లేనివారితో సమానము. ఆ దూరమునే మనము ఈ పాఠమున ‘మేర’ యని పిలుచుకొందము.

ఈ కాలమున బాలురు సెల్‌ఫోనులయందును కంప్యూటరులయందును పలువురు కూడి యాడుకొను తుపాకి యాటలలోను ఇట్టి మేర యొకటి కలదు. ఇట్టి యాటనుగూర్చి పాఠశాల సంచికలో వ్రాయనేల యని తల్లిదండ్రులలో కొంద ఱడుగవచ్చును. ఆ యాటలను పొగడుటకుగాని తెగడుటకుగాని మేము పూనుకొనలేదు. మనము వ్రాసినను వ్రాయకున్నను పిల్లలు వానిని ఎఱిగియే యున్నారు. వానిలో రేఖాగణితమును, ప్రకృతిశాస్త్రమును, ధర్మాధర్మ విచారమును ఒక్కచోట దాగియున్నవి. ఆడువారు వానిని గుర్తించి యాడుట మేలుకదా యని ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. రాడారు అననేమి?

రాడారనగా రేడియో తరంగములను పంపి, అవి యొక వస్తువునకు తగిలి మరలివచ్చుటనుబట్టి ఆ వస్తువున్న దిక్కును దూరమును తెలిసికొను యంత్రము. కొండ యెదుట నిలిచి కేకవేసిన కొంతసేపటికి ప్రతిధ్వని వినబడును. ఆ కొంతసేపును కొలిచినచో కొండ యెంత దూరముననున్నదో చెప్పవచ్చును. రాడారు చేయు పనియు నిదియే. రేడియో తరంగము సెకనునకు సుమారు 3,00,000 కిలోమీటరులు పోవును. కావున 150 కిలోమీటరుల దూరముననున్న వస్తువునుండి ప్రతిధ్వని మరలి వచ్చుటకు సెకనులో వేయవ భాగము మాత్రమే పట్టును.

1935వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీన ఇంగ్లండులో డావెంట్రీ యను నూరి సమీపమున వాట్సన్ వాట్ అను శాస్త్రజ్ఞుడును విల్కిన్స్ అను నతని సహాయుడును, రేడియో తరంగములు ఆకాశమున పోవుచున్న విమానమునకు తగిలి మరలివచ్చుటను నిరూపించిరి. కొలది సంవత్సరములకే ఈ విద్య ఆ దేశపు తీరమున శత్రువిమానముల రాకను ముందుగ తెలుపు కావలియైనది.

కదలుచున్న వస్తువును నిలిచియున్న వస్తువునుండి వేఱుపఱచుటకు మఱియొక సూత్రము తోడ్పడుచున్నది. విజయనగరము స్టేషనులో ఆగక పోవు రైలు కూతను వినియున్నారా? బండి మనవైపు వచ్చునపుడు కూత హెచ్చుస్వరముతోను, మనలను దాటిపోవునపుడు తగ్గుస్వరముతోను వినబడును. 1842లో ఆస్ట్రియా దేశీయుడగు డాప్లరు కదలిక వలన తరంగములయందు కలుగు ఈ మార్పును సూత్రీకరించెను. మరలివచ్చిన రేడియో తరంగమునందలి ఇట్టి మార్పును కొలిచి వస్తువు ఎంత వేగముగ తనవైపు వచ్చుచున్నదో, లేక తననుండి పోవుచున్నదో రాడారు చెప్పగలదు.

2. ఆటలోని రాడారు

తుపాకి యాటలలో తెర యొక మూల చిన్న వలయ ముండును. ఆ వలయమునకు కేంద్రము ఆటగాడు. చుట్టుపట్ల కదలుచున్నవారు అందు చుక్కలుగ కనబడుదురు. నిజమునకు అచ్చట ఏ తరంగమును పోవుటలేదు, ఏ ప్రతిధ్వనియు వచ్చుటలేదు. ఎవ రెచట నున్నదియు యంత్రమునకు ముందే తెలిసియున్నది. ఆ తెలిసినదానిలో ఎంత భాగమును ఆటగానికి చూపవలెనో నిర్ణయించు నియమమునకే రాడారని పేరు పెట్టిరి.

అమెరికాలో బంగీ యను సంస్థవారు నిర్మించి 2001 నవంబరు 15వ తేదీన వెలువరించిన ‘హేలో’ యను ఆటలో ఈ వలయము ప్రసిద్ధి కెక్కినది. అందు నడచుచున్న శత్రువును, తుపాకి కాల్చిన శత్రువును ఎఱ్ఱచుక్కగ కనబడుదురు. కదలక నిలిచినవాడు కనబడడు. వంగి మెల్లగ నడచువాడును కనబడడు. ‘కౌంటర్ స్ట్రైక్’ అను ఆటలో పద్ధతి వేఱు: మన జట్టువారిలో ఎవరైన కన్నులార చూచిన శత్రువే వలయములో కనబడును. ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ అను ఆటలు పెక్కింటియందు చప్పుడు తెలియునట్లు తుపాకి కాల్చినవాడు చుక్కయై బయటపడును. సెల్‌ఫోను పబ్జీలో అడుగుల చప్పుడును తుపాకి మ్రోతయు చిన్నపటముపై గుర్తులుగ తోచును. ఆ యాటను మన ప్రభుత్వమువారు 2020 సెప్టెంబరు 2వ తేదీన నిషేధించిరి. 2021 జూలై 2వ తేదీన అదియే కొలది మార్పులతో వేఱొక పేర మన దేశమున వెలువడినది.

చూపు, చప్పుడు, కదలిక – ఈ మూటిలో దేనిని చుక్కగ మార్చవలె నన్నది మొదటి నియమము. ఎంత దూరమువఱకు మార్చవలె నన్నది రెండవ నియమము. ఈ రెండవదియే మేర. కదలికను చూపు రాడారునే తీసికొని ఆ మేరను మార్చినచో ఆట యెట్లు మాఱునో ఇక విచారింతము.

3. మేరయు వైశాల్యమును

100 మీటరుల పొడవును 60 మీటరుల వెడల్పును గల బంతియాట మైదానము నొకదానిని తలచుకొనుడు. దాని వైశాల్యము 6,000 చదరపు మీటరులు. దాని నడుమ మన యాటగాడు నిలిచెను. ఆఱుగురు ప్రత్యర్థులు మైదానమంతట చెదరియున్నారు.

రాడారు మేర 10 మీటరులైనచో అది చూపు వలయపు వైశాల్యము 314 చదరపు మీటరులు మాత్రమే. మైదానములో నిది యిరువదవ వంతునకు కొంచెము హెచ్చు. ఆఱుగురిలో ఒక్కడైన వలయములో నుండుట అరుదు. మేర 25 మీటరులైనచో వైశాల్యము సుమారు 1,963 చదరపు మీటరులు, అనగా మైదానములో మూడవ వంతు. సగటున ఇద్దఱు ప్రత్యర్థులు ఎల్లప్పుడును వలయములో నుందురు. మేర 50 మీటరులైనచో నాలుగు మూలలు తప్ప మైదానమంతయు వలయములో ఇమిడిపోవును. కదలిన ప్రతివాడును కనబడును.

మేర రెట్టింపైన కనబడు చోటు రెట్టింపగు ననుకొనుట పొరపాటు. వృత్తపు వైశాల్యము వ్యాసార్ధపు వర్గమునుబట్టి పెరుగును గనుక అది నాలుగు రెట్లగును. ఆటను నిర్మించువారు మేరను కొంచెము పెంచితిమని తలచునపుడు ఆటగానికి తెలియు వార్త చాల పెరిగియుండును. వార్త మితిమీఱినపుడు దాని విలువ తగ్గును. ఊరిలో దొంగ పడినపుడు మాత్రమే మ్రోగు గంటకు జనులు లేచి వత్తురు. రేయింబవళ్లు మ్రోగు గంటను ఎవరును వినరు. మేర మిక్కిలి పెద్దదైన వలయములో చుక్కలు ఎడతెగక మెఱయుచుండును. వానిలో నేది యపాయకరమైనదో తెలిసికొనుట మఱియొక పనియగును.

4. మేరయు కాలమును

చుక్క కనబడుటకును శత్రువు మీద పడుటకును నడుమ ఎంత వ్యవధి యున్నదో మేరయే నిర్ణయించును. దూరమును వేగముచే భాగించిన కాలము వచ్చును. పరుగెత్తువాడు సెకనునకు 5 మీటరులు పోవునని యనుకొందము. 10 మీటరుల మేరలో మనకు దొరకు వ్యవధి 2 సెకనులు. వెనుకకు తిరుగుటకే అది సరిపోవును. 25 మీటరుల మేరలో 5 సెకనులు దొరకును. వెనుకకు తిరిగి, గోడచాటు చేరి, తుపాకి నెత్తి పట్టవచ్చును. 50 మీటరుల మేరలో 10 సెకనులు దొరకును. తోడివారిని పిలిచి, ఇరుప్రక్కల పొంచి, వచ్చువానికి ఉచ్చు పన్నవచ్చును.

వంగి నడచి రాడారును తప్పించుకొనువాని లెక్క యిప్పుడు చూడుడు. అతడు సెకనునకు 2 మీటరులు మాత్రమే పోగలడనుకొందము. 10 మీటరులు దాటుటకు అతనికి 5 సెకనులు చాలును. 25 మీటరులకు పన్నెండున్నర సెకనులు పట్టును. 50 మీటరులకు 25 సెకనులు పట్టును. త్వరితముగ సాగు ఆటలో 25 సెకనులు చాల దీర్ఘకాలము. అంతలో తాను వెదకి వచ్చినవాడు ఆ తావును విడిచి పోవచ్చును.

ఇందువలన తేలినదేమన: కదలికను చూపు రాడారు కదలువానిపై విధించిన శిస్తువంటిది. నిలిచియున్నవా డేమియు చెల్లింపనక్కరలేదు. పరుగెత్తువాడు తన యునికిని బయటపెట్టి చెల్లించుకొనును. వంగి నడచువాడు తన కాలమును చెల్లించుకొనును. మేర పెరిగినకొలది ఆ శిస్తు పెరుగును. శిస్తు మిక్కిలి హెచ్చైనపుడు రైతు పొలము దున్నుట మానును. ఆటగాడు కదలుట మానును. అందఱును గోడలచాటున కూర్చుండి ఎదుటివాడు కదలునా యని వలయమునే చూచుచుందురు. ఎంత హెచ్చుగ చూపిన ఆట అంత చుఱుకగునని తలచుటకు మాఱుగ, ఆట స్తంభించిపోవును.

అట్లని రాడారు నంతయు తీసివేయుట యొక్కటే మంచిదని చెప్పరాదు. రాడారు లేనిచోట క్రొత్తగ నేర్చుకొనువాడు వెనుకనుండి దెబ్బ తినును. ఎవరు కొట్టిరో, ఎందుచేత కొట్టగలిగిరో తెలియక నిరుత్సాహపడును. నడక నేర్చు శిశువునకు చేయూత యెట్టిదో అతనికి రాడారు అట్టిది. నేర్పు గడించినవారికి దాని యక్కర తగ్గును. 2021లో వెలువడిన ‘హేలో ఇన్ఫినిట్’ అను ఆటలో నేర్పునుబట్టి శ్రేణు లేర్పఱచు పోటీలయందు ఈ రాడారును పూర్తిగ తీసివేయుటకు కారణమిదియే యని మేము తలచుచున్నాము. అచ్చట ఆటగాడు తన చెవిని, కన్నును, తోడివారి మాటను నమ్ముకొనవలెను.

కావున చిన్న మేర చెవియు కన్నును మేల్కొనియున్నవానికిని, మెల్లగ పొంచి వచ్చువానికిని అనుకూలము. పెద్ద మేర కదలక కూర్చుండువానికి అనుకూలము. నడిమి మేర తొందరపాటును శిక్షించి, జాగ్రత్తతో కూడిన సాహసమునకు చోటిచ్చును. ఆ నడిమి మేర యింతయని ఒక్క సంఖ్యతో చెప్ప వీలులేదు. అది మైదానపు వైశాల్యమునుబట్టియు, ఆటగాండ్ర సంఖ్యనుబట్టియు, వారి వేగమునుబట్టియు మాఱుచుండును.

5. మన జిల్లా చరిత్రనుండి ఒక దృష్టాంతము

పొంచి వచ్చువాని బలమును మన ప్రాంతపువారికి క్రొత్తగ చెప్పనక్కరలేదు. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీయు, విజయనగర ప్రభువు విజయరామరాజును బొబ్బిలి కోటను ముట్టడించిరి. కోట కూలినది. రంగారావు మొదలగు వెలమవీరులు హతులైరి. కొలది దినములలోనే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ శిబిరమున ప్రవేశించి డేరాలోనున్న విజయరామరాజును చంపెను. పగటివేళ ఫిరంగులు మ్రోయ నెదుట వచ్చిన సైన్యమును చూడగలిగిన కావలి, చీకటిలో మెల్లగ వచ్చిన కొలదిమందిని చూడలేకపోయినది. కావలి బలము పెద్దదే. కాని అది పెద్ద కదలికనుమాత్రమే కనిపెట్టునదిగ నుండెను. ఆ హత్యను మేము మెచ్చుటలేదు. ఏ కావలికైనను తాను చూడజాలని దొక టుండునని తెలుపుటకే చెప్పితిమి.

6. నిజమైన రాడారు చూడనిది

ఆటలోని వలయము బల్లపఱుపైనది. చుక్క మన ప్రక్కనే యున్నట్లు కనబడినను ఆ శత్రువు మేడపైన నుండవచ్చును, నేలమాళిగలో నుండవచ్చును. ఎత్తును తెలుపని రాడారును నమ్మి ప్రక్కకు తుపాకి త్రిప్పువాడు మోసపోవును. నిజమైన రాడారునకును ఎత్తు విషయమున ఒక చిక్కు కలదు. దానిని మన తీరపు నిదర్శనముతోనే తెలిసికొందము.

1970వ సంవత్సరమున విశాఖపట్నమున తుపానులను కనిపెట్టు రాడారును స్థాపించిరి. అటుపిమ్మట గాలివేగమును కూడ కొలుచు డాప్లరు రాడారు వచ్చినది. రాడారు కిరణము ఇంచుమించు తిన్నగ పోవును, భూమియో, గుండ్రనిది. కావున దూరము పోయినకొలది కిరణము నేలనుండి పైకి లేచినట్లగును. ఎంత లేచునో తెలిసికొనుటకు సులభమైన లెక్క యొకటి కలదు. కిలోమీటరులలో దూరమును దానితోనే హెచ్చించి 17,000 చేత భాగించిన ఎత్తు కిలోమీటరులలో వచ్చును. విశాఖనుండి విజయనగరము తిన్నని రేఖలో సుమారు 46 కిలోమీటరులు. అచ్చట కిరణపు టెత్తు సుమారు 125 మీటరులు. శ్రీకాకుళము సుమారు 92 కిలోమీటరులు. అచ్చట అర కిలోమీటరు. పలాస సుమారు 167 కిలోమీటరులు, అచ్చట 1.6 కిలోమీటరులు. ఆ యెత్తునకు దిగువ నున్నది ఆ కిరణమునకు కనబడదు. తుపాను మేఘములు మిక్కిలి యెత్తైనవి గనుక సముద్రమున సుమారు 400 కిలోమీటరుల దూరమున నున్నను కనబడును.

ఇచ్చట మేర పెద్దదగుట మేలా కీడా? నిస్సంశయముగ మేలు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానపు కొబ్బరితోటలును జీడితోటలును నేలకూలినవి. అట్టి తుపాను గంటకు 15 కిలోమీటరుల చొప్పున కదలుననుకొన్నచో, 300 కిలోమీటరుల దూరమున కనబడినపుడు మనకు దొరకు వ్యవధి 20 గంటలు. చెట్లను కాపాడ లేకపోయినను, జాలరులను ఒడ్డునకు పిలిచి, గుడిసెలలోనివారిని గట్టి కట్టడములకు చేర్చుటకు అది చాలును. ఆటలో మనము వాడిన భాగహారమే ఇచ్చట ప్రాణములను కాపాడుచున్నది.

అయిన ఆటలో మేర మితిమీఱరాదనియు, తుపాను విషయమున ఎంత పెరిగిన అంత మేలనియు చెప్పుట పరస్పర విరుద్ధము కాదా? కాదు. తుపాను మనలను చూచుటలేదు. మన రాడారు మేర యెంతయో దానికి తెలియదు. మేర పెరిగినదని అది వంగి నడవదు, గోడచాటున కూర్చుండదు. ఆటలోని ప్రత్యర్థి మనవంటి మనిషి. మన మేర యెంతయో యతడెఱుగును. అది మాఱినపుడు తన నడకను మార్చుకొనును. ప్రకృతిని చూచు కన్ను పెద్దదైన మనకు తెలివి పెరుగును. మనిషిని చూచు కన్ను పెద్దదైన ఆ మనిషియే మాఱిపోవును. ఈ భేదమును గ్రహించుటయే ఈ పాఠమునకు ముఖ్యఫలము.

7. సమత్వము

మేర యెంతయైనను అది ఇరుజట్లకును సమానముగ నుండవలెను. కొందఱు దొంగ పరికరములను చేర్చుకొని ఆటలోని వారందఱి యునికిని తమకుమాత్రము కనబడునట్లు చేసికొందురు. కళ్లగంతల ఆటలో గుడ్డ సందునుండి చూచుటకును దీనికిని భేదములేదు. అట్టివాడు గెలిచిన గెలుపు ఎవరిది? గుడ్డ సందుది, అతనిది కాదు.

సమత్వమునకు మఱియొక ముఖము కలదు. చెవులు వినబడని బాలు డొకడు తోడివారితో ఆడుటకు వచ్చెననుకొనుడు. అందఱికి వినబడు అడుగుల చప్పుడు అతనికి వినబడదు. ఆ చప్పుడును కంటికి కనబడు గుర్తుగ మార్చి చూపు ఏర్పాటు ‘ఫోర్ట్‌నైట్’ మొదలగు కొన్ని ఆటలలో కలదు. ఆ గుర్తు అతనికి అదనపు బలము కాదు. ఇతరులకు జన్మతః లభించినదానిని అతనికిని ఇచ్చుట. దానిని చూచి ‘ఇది రాడారు, ఇది యన్యాయము’ అని తోడివాడు గొణిగినచో, అతడు తన రెండు చెవులను మఱచినవాడు. ఒకే మేరను అందఱికిని ఇచ్చుట కొన్నియెడల సమత్వము; లోపమున్నవానికి దానిని పూరించి యిచ్చుట మఱికొన్నియెడల సమత్వము. ఏ యెడ ఏది తగునో యోచించుట బడి మైదానములోను అవసరమే.

విద్యార్థులు ఈ యాటల నాడునపుడు వలయములోని చుక్కను చూచి, అది యెంత చెప్పుచున్నదో, ఎంత చెప్పకున్నదో యోచింతురుగాక. చుక్క ఒక మనిషి కదలెనని చెప్పును. అతడు ఏ యంతస్తున నున్నాడో చెప్పదు. ఏమి తలచుచున్నాడో చెప్పదు. కదలక పొంచియున్నవానిని గూర్చి అసలే చెప్పదు. మిగిలినది కన్నులు, చెవులు, బుద్ధి చేయవలసిన పని.

అభ్యాసములు

1. మేర 10 మీటరులనుండి 30 మీటరులకు పెరిగిన వలయపు వైశాల్యము ఎన్ని రెట్లగును?

2. విశాఖపట్నమునుండి ఇచ్ఛాపురము తిన్నని రేఖలో సుమారు 215 కిలోమీటరులు. అచ్చట రాడారు కిరణము నేలకు ఎంత యెత్తున నుండును?

3. మైదానమున నొకనికి కన్నులు కట్టి నడుమ నిలుపుడు. తోడివారు ఒక్కొక్కరుగ మొదట పరుగునను, పిమ్మట మెల్లని నడకతోను అతనిని సమీపింపవలెను. ఎంత దూరమున అతడు వారిని కనిపెట్టెనో రెండు తడవలును అడుగులలో కొలిచి వ్రాయుడు. ఇసుకనేలపైనను, ఎండుటాకులపైనను మరల చేసి చూడుడు.

4. “ప్రకృతిని చూచు కన్ను పెద్దదగుట వేఱు, మనిషిని చూచు కన్ను పెద్దదగుట వేఱు.” ఈ వాక్యమును మీ యూరి యుదాహరణములతో వివరింపుడు.